ఆయన భుజం మీద ఉన్నది తుపాకీ కాదు

"అన్నా, ఆయన భుజం మీద ఉన్నది ఏకే 47 కదా?"

అడిగింది మా షాపు ఎదురుగా టీ కొట్లో గ్లాసులు కడిగే కుర్రాడు. నేను వాడికి చూపించింది ఒక కాలవ గట్టు, సాయంత్రం వెలుతురు, గట్టు మీద వెనక నుంచి కనిపిస్తూ నడిచిపోతున్న ఒక మనిషి. ఆయన భుజం మీద కాలవ తూము షట్టరు తిప్పే ఇనప హ్యాండిలు ఉంది. నాలుగు రాత్రులు కూర్చుని చేసిన పోస్టరది. వాడు చూసింది అయిదు సెకన్లు.

ముందు కోపం వచ్చింది. కాగితం నా వైపు తిప్పుకుని చూశాను. నిజమే. తుపాకీయే.

నేను విజయవాడ గవర్నర్‌పేటలో ఒక ఫ్లెక్సీ షాపులో డిజైనర్ని. పన్నెండేళ్ళుగా ఇదే పని. నాయకుల పుట్టినరోజులు, ఓణీల ఫంక్షన్లు, పెద్దకర్మలు, అయ్యప్ప పడిపూజలు. మా పనికి ఒక వ్యాకరణం ఉంది. పెద్దాయన మధ్యలో, ఆయనకంటే పెద్దాయన పై మూలలో, డబ్బులు వేసుకున్నవాళ్ళంతా కింద వరసలో గుండ్రాల్లో. ఒకరి తల పక్కవాడి తలకంటే అంగుళం పెద్దదైతే రాత్రి పదకొండుకి ఫోను వస్తుంది. ఫ్లెక్సీకి చూసేవాళ్ళ అభిప్రాయంతో పనిలేదు. అందులో ఉన్నవాళ్ళకి వాళ్ళ మొహం కనపడితే చాలు.

అలాంటి నా దగ్గరికి మావాడు షార్ట్ ఫిలిం పోస్టరు చెయ్యమని వచ్చాడు. మావాడంటే ఇంటర్ నుంచి స్నేహితుడు, బ్యాంకు ఉద్యోగి, శనాదివారాల్లో డైరెక్టరు. పదిహేడు నిమిషాల సినిమా. పేరు 'లస్కరు'.

నాది తిరువూరు వైపు. మెట్ట. మాకు చెరువులూ బోర్లూ తెలుసు గానీ కాలవ సంగతులు తెలీవు. అందుకని వాడు పేరు చెప్పగానే లష్కరే తోయిబా గుర్తొచ్చి, "ఏంట్రా, టెర్రరిస్టుల సినిమానా?" అన్నాను. వాడు నవ్వి, కథంతా చెప్పాడు. వాడిది దివిసీమ, కృష్ణా తూర్పు గట్టు కాలవ (కేఈబీ) కింద శివారు ఊరు. వాళ్ళ తాతయ్య లస్కరు. అంటే నీళ్ళ శాఖలో అందరికంటే చిన్న ఉద్యోగి. ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారు చెప్పిన ప్రకారం తూముల షట్టర్లు ఎత్తడం, దించడం, గేజీ చూసి రాసుకోవడం, గట్టుకి గండి పడకుండా రాత్రిళ్ళు టార్చిలైటుతో తిరగడం, గుర్రపుడెక్క పేరుకుంటే లాగించడం ఆయన పని. వంతులవారీగా నీళ్ళిచ్చే రోజుల్లో పైఊరివాళ్ళు రాత్రి షట్టరెత్తేస్తే, పొద్దున్నే శివారు రైతులు వచ్చి నిలదీసేది ఈయన్నే. షట్టరు దించితే పైవాళ్ళు తిడతారు, ఎత్తితే కిందవాళ్ళు తిడతారు. అందుకని ఆ తాతయ్య రాత్రి ఇంటికొచ్చేటప్పుడు షట్టరు హ్యాండిలు ఊడదీసి భుజాన వేసుకుని వచ్చేవాడట. మంచం కింద పెట్టుకుని పడుకునేవాడట. సినిమా మొత్తం ఆ హ్యాండిలు గురించే.

కథ నాకు బాగా నచ్చింది. నచ్చడంతోనే తప్పు మొదలైంది. స్క్రిప్టు చదివాను, రఫ్ కట్ మూడుసార్లు చూశాను. లస్కరంటే ఏంటో తెలియని నేను అక్కడితో పోయాను. పోస్టరు చెయ్యడానికి కావలసింది ఆ తెలియని నేనే. మొదటిరోజు నా నోటి నుంచి వచ్చిన 'టెర్రరిస్టుల సినిమానా' అనే ప్రశ్న ఎక్కడైనా రాసి పెట్టుకుని ఉంటే నాలుగు వారాలు మిగిలేవి.

మొదటి పోస్టరు నా వృత్తిధర్మం ప్రకారం చేశాను. హీరో మొహం ఇంత పెద్దది. ఆయన పద్యనాటకాల ఆర్టిస్టు, మంచి మీసం, మంచి కళ్ళు. వెనక ఎర్రటి ఆకాశం, కొంచెం పొగ. పేరు రామభద్ర ఫాంటులో లావుగా, దానికి బంగారు రంగు, దాని చుట్టూ తెల్ల అంచు, అంచుకి నీడ. ఫ్యామిలీ గ్రూపులో పెట్టి 'ఎలా ఉంది?' అని అడిగాను. పధ్నాలుగు చప్పట్లు, ఆరు నిప్పు బొమ్మలు, మా పెద్దమ్మ నుంచి శుభోదయం గులాబీ. షాపులో కుర్రాళ్ళు సూపర్ అన్నా అన్నారు. మావాడి ఆఫీసులో ఒకాయన మాత్రం, "బాగుంది, ఎవరి బర్త్‌డే?" అన్నాడు.

ఆ ఒక్క మాటే పనికొచ్చింది. మిగతావాళ్ళు పోస్టరుని చూడలేదు, నన్ను చూశారు. మనం 'బాగుందా' అని అడిగితే ఎవరైనా ఏమంటారు? భోజనానికి పిలిచి, వాళ్ళు మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టు.

అప్పటి నుంచి పద్ధతి మార్చాను. ఏ4 కాగితం మీద కలర్ జిరాక్స్ తీయించేవాణ్ణి. నేను చేశానని చెప్పేవాణ్ణి కాదు, ఎవరో కస్టమర్ ఇచ్చాడు, ఇదేంటో నాకూ అర్థం కాలేదు అనేవాణ్ణి. మొహమాటం అక్కడితో సగం పోతుంది. కాగితం చూపించి మనసులో అయిదు లెక్కపెట్టి బోర్లించేవాణ్ణి. తర్వాత రెండే ప్రశ్నలు. ఏం కనిపించింది? ఇది దేని గురించి అనుకుంటున్నారు? వాళ్ళేమన్నా సరే అవును కాదు అనకుండా, వాళ్ళన్న మాట వాళ్ళన్నట్టే కాగితం వెనక రాసుకోవడం. ఈ చివరిది చెప్పినంత తేలిక కాదు. 'అది కాదండీ, సరిగ్గా చూడండి' అని నాలిక చివరిదాకా వస్తుంది. పోస్టరు గోడ మీద ఉన్నప్పుడు దాని పక్కన నిలబడి నేను సరిగ్గా చూడండి అనలేను కదా.

టీ కొట్టు, ఇడ్లీ బండి దగ్గర అక్క, మా షాపుకి విజిటింగ్ కార్డుల కోసం వచ్చేవాళ్ళు, ఓ ఆదివారం పండిట్ నెహ్రూ బస్ స్టేషన్‌లో బందరు, అవనిగడ్డ బస్సుల కోసం నిలబడ్డవాళ్ళు. బస్టాండు మంచి చోటు. అక్కడ ఎవరికీ తొందర లేదు, ఎవరికీ నేనెవరో తెలీదు.

ఎర్ర పోస్టరు వెనక నేను రాసుకున్న మాటలు ఇంకా నా దగ్గర ఉన్నాయి. ఫ్యాక్షన్. డబ్బింగ్ సినిమా. పోలీసా. ఉగ్రవాదులు. ఇందులో ఉగ్రవాదులు నాలుగుసార్లుంది. హైదరాబాద్‌లో ఉండే మా బాబాయి కొడుక్కి ఫోన్లో పంపితే వాడు ఇంకో దారిలో వెళ్ళాడు. "లష్కర్ అంటే సికింద్రాబాద్ కదరా, బోనాల సినిమానా? మరి అమ్మవారేది?" అన్నాడు. ఉజ్జయిని మహంకాళి బోనాల్ని వాళ్ళు లష్కర్ బోనాలనే అంటారు. అవనిగడ్డ బస్సు ఎక్కబోతున్న ఓ పెద్దాయన మాత్రం బొమ్మ చూడకుండానే పేరు చదివి, "కాలవ లస్కరా?" అన్నాడు. ఆయనొక్కడే.

పేరు మార్చమని మావాడితో పోట్లాడాను. వాడు కదల్లేదు. వాడు చెప్పాకే తెలిసింది, ఈ మూడు మాటలూ ఒకే చెట్టు కొమ్మలని. లష్కర్ అంటే పారశీకంలో సైన్యం. కంటోన్మెంటు ఉంది కాబట్టి సికింద్రాబాద్ లష్కర్ అయింది. బ్రిటిష్‌వాళ్ళు ఓడల్లో పనిచేసే మనవాళ్ళనీ, సైన్యంలో గుడారాలు వేసే, ఫిరంగుల దగ్గర చాకిరీ చేసే కూలీలనీ లాస్కర్లనేవాళ్ళు. 1855లో బెజవాడ దగ్గర కృష్ణకి ఆనకట్ట పూర్తి చేసింది కూడా ఆ బ్రిటిష్ ఇంజనీర్లే. కాలవ గట్టు మీద టార్చిలైటు పట్టుకున్న మనిషికి సైనికుడి పేరు ఉండటంలో మావాడికి ఒక అందం కనిపించింది. "పేరు మార్చను బావా, పేరుకి అర్థం నీ బొమ్మ చెప్పాలి," అన్నాడు. డైరెక్టర్లు ఇలాంటి మాటలు చెప్పి వెళ్ళి పడుకుంటారు.

రెండో పోస్టరు దీనికి పూర్తి విరుద్ధంగా చేశాను. మొహం లేదు, ఎరుపు లేదు. తెల్లటి కాగితం మీద షట్టరు చక్రం ఒక్కటి. ఇంతలావు ఖాళీ వదలడం నా పన్నెండేళ్ళ సర్వీసులో మొదటిసారి. మా ఓనరు గారు వెనక నుంచి చూసి, "ఇంకా మొదలెట్టలేదా?" అన్నారు. మావాడి సినిమా స్నేహితులకి మాత్రం ఇది తెగ నచ్చింది. క్లాసీగా ఉంది అన్నారు. బస్టాండులో అయిదు సెకన్ల తర్వాత: ఆర్టీసీ ప్రకటన. బస్సు స్టీరింగు. డ్రైవింగ్ స్కూలు. ఓ కాలేజీ అమ్మాయి జాలిగా, "యోగా దినోత్సవమా సార్?" అంది. ఆ అమ్మాయికి ఆ చక్రంలో ఏం కనిపించిందో నాకిప్పటికీ తెలీదు.

పైగా సినిమాకి సలహాదారుగా ఉన్న మావాడి బాబాయి (తాతయ్య దగ్గర పని నేర్చుకుని, అదే కాలవ మీద లస్కరుగా రిటైరైనాయన) ఆ చక్రం చూసి, "ఇది మన తూము కాదయ్యా, ఏ ప్రాజెక్టుదో. మనది హ్యాండిలు పెట్టి తిప్పేది," అన్నాడు. నేను గూగుల్లో దొరికిన చక్రం పెట్టాను మరి. హ్యాండిలు గురించిన సినిమాకి హ్యాండిలు లేని పోస్టరు.

అలా మూడోది, భుజం మీద హ్యాండిలు. దాని గతి మొదట్లోనే చెప్పాను. వెలుతురు వెనక నుంచి వస్తే మనిషి నల్లగా అచ్చుబొమ్మలా కనిపిస్తాడు. నల్లటి ఆకారంలో ఇనప హ్యాండిలుకీ తుపాకీకీ తేడా లేదు. పైన 'లస్కరు' అని పేరు. బొమ్మ పేరుకి అర్థం చెప్పాలన్నాడు కదా మావాడు, చెప్పింది. తప్పు అర్థాన్ని ఇంకా గట్టిగా చెప్పింది.

తుపాకీ పోవాలంటే ఏం చెయ్యాలి? టీ కొట్టు దగ్గరే అడిగాను. అందరూ సలహాలిచ్చారు. పక్కన హీరోయిన్ని పెట్టు. కింద 'రైతు కథ' అని రాయి. గేదెని పెట్టు. ఇక్కడ నాకొకటి అర్థమైంది. జనానికి ఏం కనిపించిందో చెప్పినప్పుడు వాళ్ళ మాట వేదం. దాన్ని ఎలా బాగుచెయ్యాలో చెప్పినప్పుడు మాత్రం మనలాగే వాళ్ళూ తడుముకుంటున్నారు. అయినా ఒక సలహా తీసుకున్నాను. మాస్టరు ఇచ్చింది. టీ మాస్టరు. "సైకిలెక్కించు. సైకిలు తొక్కేవాణ్ణి ఎవడూ టెర్రరిస్టనుకోడు."

ఎంత తెలివైన మాట! ఆ రాత్రే హ్యాండిల్ని సైకిలు క్యారియరుకి కట్టాను. గట్టు మీద సైకిలు, వెనక పసుపుపచ్చని సాయంత్రం. మర్నాడు పొద్దున షాపులో ప్రింటు తీసి గోడకి అంటించి టిఫినుకి వెళ్ళొచ్చేసరికి ఓ కస్టమరు దాని ముందు నిలబడి ఉన్నాడు. "ఇది మనోళ్ళదేనా? ఏ నియోజకవర్గం?"

సైకిలు, పసుపు. మన రాష్ట్రంలో ఆ రెండూ పక్కపక్కన పెడితే ఏమవుతుందో మీకు చెప్పాలా? ఏడాదికి వందల ఫ్లెక్సీలు కొట్టేవాణ్ణి, నాకు తట్టకపోవడం మరీ విచిత్రం. సరే, పసుపు తీసేసి, సైకిలుంచి, నీలం నీళ్ళు, ఆకుపచ్చ పొలం పెట్టాను. ఇడ్లీ అక్క చూసి, "సైకిలేమో వాళ్ళది, రంగులేమో వీళ్ళవి. పొత్తు పెట్టుకున్నారా?" అంది. ఆంధ్రాలో పోస్టరు చేసేవాడికి రంగులు పెద్దగా మిగల్లేదు.

ఆ వారం ఏమీ చెయ్యలేదు. ఒక మహిళా మండలి బ్యానరు, రెండు పెళ్ళి ఫ్లెక్సీలు చేసుకుంటూ కూర్చున్నాను.

దారి అనుకోకుండా దొరికింది. మావాడు మార్చి చివర్లో వాళ్ళ ఊళ్ళో, రామాలయం పక్కన అరుగు మీద తెల్ల దుప్పటి కట్టి, ప్రొజెక్టరు పెట్టి సినిమా వేశాడు. సౌండు ఎలా ఉంది, సాగదీసినట్టుందా అని వాడు ఏవో అడుగుతున్నాడు. నేను మాత్రం అప్పుడేమీ అడగలేదు. రాత్రి అక్కడే పడుకుని, మర్నాడు పొద్దున ఊళ్ళోకి వెళ్ళి కనిపించినవాళ్ళని ఒక్కటే అడిగాను: నిద్రపోయి లేచాక, సినిమాలో ఏ బొమ్మ కళ్ళముందుంది?

భుజాన హ్యాండిలేసుకుని నడవటం ఒక్కరూ చెప్పలేదు. అది మాకు, అంటే తీసినవాళ్ళకి, ఇష్టమైన షాటు. పదిమందిలో ఏడుగురు చెప్పింది వేరే సీను. తెల్లవారుజామున ఆయన షట్టరు దిమ్మ మీదే కూర్చుని నిద్రపోతూ ఉంటాడు, హ్యాండిలు ఒళ్ళో, రెండు చేతులతో పొదువుకుని. ఎడిటింగులో మూడు సెకన్లు కూడా లేదది. ఒకామె, "మా చంటోణ్ణి బస్సులో అలాగే పట్టుకుని పడుకునేదాన్ని," అంది. వాళ్ళ పక్కింటి మామ్మగారు అన్నది మాత్రం కాగితం మీద ఎక్కించుకున్నాను. "నీళ్ళన్నీ ఆయన చేతిలో ఉన్నాయనుకుంటారు గానీ నాయనా, ఆయన చేతిలో ఉన్నది ఆ ఇనప ముక్కే."

ఆ తర్వాత ఇంక ఆలోచించడానికేం లేదు. ఒళ్ళో పెట్టుకున్నది తుపాకీ కాదు. తుపాకీని ఎవరూ పసిపిల్లలా పొదువుకోరు.

కానీ ఫొటో లేదు. షూటింగుకి స్టిల్ ఫొటోగ్రాఫర్ని పెట్టుకోలేదు, షార్ట్ ఫిలింవాళ్ళు చేసే మొదటి పొదుపు అదే. సినిమాలోంచి ఫ్రేము తీస్తే 1920 బై 1080 పిక్సెళ్ళు. దగ్గర నుంచి చూసే పోస్టరుకి అంగుళానికి 300 చుక్కలు కావాలనుకుంటే అది 6.4 అంగుళాల వెడల్పు, 3.6 అంగుళాల ఎత్తుకి సరిపోతుంది. మాకు కావలసింది 12 బై 18, అదీ నిలువుగా. ఫ్లెక్సీ అయితే దూరం నుంచి చూస్తారు కాబట్టి సాగదీసినా చెల్లుతుంది, ఇది చెల్లదు. పైగా చీకట్లో తీసిన షాటు, పెద్దది చేస్తే మొహం నిండా ఇసక చల్లినట్టుంది.

సరే మళ్ళీ తీద్దామని ఏప్రిల్‌లో వెళ్ళాం. అప్పటికి కాలవలు కట్టేశారు. తూము కింద నెర్రెలిచ్చిన బురద, ప్లాస్టిక్ సీసాలు, రెండు కొంగలు. హీరో గారేమో నాటకంలో కృష్ణుడి వేషం కోసం మీసం తీసేసి వచ్చారు. నీళ్ళు లేవు, మీసం లేదు. మావాడు గట్టు మీద తల పట్టుకుని కూర్చున్నాడు. చివరికి మీసం సంగతి తువ్వాలు చూసుకుంది. నిద్రలో మొహం మీదకి జారినట్టు కప్పాం. "ఇంత చేస్తే పోస్టరులో నా మొహం లేదా?" అన్నాడాయన. తర్వాత ఫొటో చూసి, చేతులు బాగా వచ్చాయి అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. నిజంగానే బాగా వచ్చాయి ఆ చేతులు.

నీళ్ళ సంగతి ముందే తేలిపోయింది. హైదరాబాద్‌లో కూతురింటికి బయల్దేరుతూ బాబాయి నా నీలం పోస్టరు చూసి, "కాలవలో నీళ్ళు నీలంగా ఎప్పుడున్నాయయ్యా? సినిమా వాళ్ళు స్విమ్మింగ్ పూలు చూసి చెప్తారల్లే ఉంది," అన్నాడు. కొత్తనీళ్ళ రంగు. ఎర్రమట్టిలో పాలు కలిపినట్టుండే ఆ రంగు ఏ పార్టీదీ కాదు. పోస్టరు కింది మూడోవంతు ఆ ఒక్క రంగుతో నింపేశాను. ఫొటోలో నీళ్ళు లేకపోయినా పర్లేదు, పేరు రాయడానికి చోటూ దొరికింది.

పేరు. దీని గురించి ఒక పూట చెప్పగలను. షాపులో మేం పేజ్‌మేకర్ 7, అనూ ఫాంట్లతో బతికేవాళ్ళం. మా పాత ఫొటోషాపులో యూనికోడ్ తెలుగు నేరుగా కొడితే, ప్రిఫరెన్సెస్‌లో టైపు సెట్టింగు మార్చకపోతే వత్తులు విడిపోయేవి. మొదట్లో నాకు వచ్చింది 'లస్‌కరు'. అది సరిచేశాక చూస్తే, అక్షరాలన్నీ పైన ఉండి, స కింద క వత్తు ఒక్కటే కిందికి వేలాడుతోంది. అచ్చం గట్టు మీద నుంచి నీళ్ళలోకి దించిన షట్టరులా. ఆ క్షణంలో నన్ను పట్టుకోవడం ఎవరితరమూ కాలేదు. ఫాంటు పక్కన పెట్టి చేత్తో గీశాను. బాపు అక్షరాలు, ఈశ్వర్ లాంటి ఆర్టిస్టులు కుంచెతో రాసిన టైటిళ్ళు చూసి పెరిగిన కళ్ళు కదా, ఎంత వంకరగా గీసినా మన చేతిరాతకి ఒక ప్రాణం ఉంటుంది. మూడు అక్షరాల అడుగున నీటిగీత. వత్తు మాత్రం నీళ్ళలో, సగం కరిగినట్టు.

ఇంట్లో మా ఆవిడకి గర్వంగా చూపించాను. అయిదు సెకన్లు.

"లసరు ఏంటండీ? మసాలా కంపెనీయా?"

వత్తు మునిగిపోయింది. నాకు తెలుసు కాబట్టి నాకు కనిపిస్తోంది, తెలియనివాళ్ళకి అక్కడ నీళ్ళే ఉన్నాయి. ఎంత మంచి ఆలోచనో చూడండి, పేరే చదవనివ్వకుండా చేసింది. రెండు రోజులు ఒప్పుకోలేదు. మూడో రోజు ప్రింటుని గోడకి పెట్టి, పది అడుగులు వెనక్కి వెళ్ళి, కళ్ళు సగం మూసి చూశాను. లసరే. వత్తుని తెల్లగా చేసి, నీటిగీతని వత్తు నడుం దగ్గరికి దించాను. ఇప్పుడు సగం బయట, సగం లోపల. ఆలోచన కొంచెం పోయింది, పేరు బతికింది.

నిర్మాత సంగతి కూడా ఉంది. మావాడి మేనమామ నలభై వేలు పెట్టాడు. పై మూలలో గుండ్రంలో తన ఫొటో, 'సమర్పణ' అని ఉండాలన్నాడు. ఇది మాత్రం ఎవర్నీ అడగలేదు. ఆయనకోసం విడిగా ఆరు బై నాలుగు ఫ్లెక్సీ కొట్టిచ్చాను, ఆయన నిలువెత్తు ఫొటో, వెనక గోపురం, నెమలీక, అన్నీ. దాన్ని ఊరి మొదట్లో కట్టించుకున్నాడు. పోస్టరు గురించి మళ్ళీ ఎత్తలేదు. పన్నెండేళ్ళ అనుభవం ఎక్కడో చోట పనికి రావాలి కదా.

మామ్మగారి మాట పోస్టరు పైన చిన్నగా వేశాం: 'ఆయన చేతిలో ఉన్నది ఈ ఇనప ముక్కే.' ఆమెకి చెప్తే, "నేనెప్పుడన్నాను?" అంది.

చివరిసారి బస్టాండుకి వెళ్ళినప్పుడు కాగితం వెనక రాసుకున్న మాటలు: వాచ్‌మనా. కాలవ. పంపు ఆపరేటరు. నిద్రపోతున్నాడు పాపం. రైతా. ఒకాయన, "రెంచి పట్టుకున్నాడు, మెకానిక్కు," అన్నాడు. ఎవరూ సరిగ్గా లస్కరని చెప్పలేదు. కానీ ఇద్దరు, "లస్కరంటే ఏంటి?" అని తిరిగి నన్నడిగారు. ఆ ఎర్ర పోస్టరు చూపించినన్నాళ్ళూ ఒక్కరూ అడగలేదు, తెలుసనే అనుకున్నారు. ఉగ్రవాదులు అన్న మాట ఒక్కసారీ రాలేదు. టీ కొట్టు కుర్రాడికి చూపిస్తే, "అన్నా, తుపాకీ తీసేశావేంటి, బాగుండేది," అన్నాడు.

యూట్యూబ్ థంబ్‌నెయిల్ కి మాత్రం ఇవేవీ పనికిరాలేదు. 1280 బై 720లో, అదీ ఫోనులో గోరంత సైజులో, దిమ్మ మీద మనిషి చీమలా ఉన్నాడు. అక్కడ చేతులూ హ్యాండిలూ మాత్రమే దగ్గరగా పెట్టి, పేరు పెద్దగా కింద కుడివైపు వేశాను. పెట్టాక చూస్తే నిడివి అంకెలు వచ్చి సరిగ్గా 'రు' మీద కూర్చున్నాయి. లస్క. ఎడమవైపుకి జరిపాను. అది పోస్టరు కాదు, వేరే పని, వేరే రేటు అని మావాడికి చెప్పాను. ఇంతవరకూ ఏ రేటూ ఇవ్వలేదనుకోండి.

జూన్‌లో కాలవలకి నీళ్ళొదిలిన వారమే సినిమా వదిలాం. 200 కాపీలు అచ్చేయించి, అవనిగడ్డ నుంచి ఆ శివారు ఊళ్ళ దాకా టీ కొట్లలో, సొసైటీ గోడల మీద, బడ్డీల దగ్గర మైదా జిగురుతో అంటించాం. నేనూ, మావాడూ, వాళ్ళ తమ్ముడూ. చేతులు ఎండి పొట్టు లేచిపోయాయి.

హైదరాబాద్ నుంచి దిగిన బాబాయి ఆ సాయంత్రం తూము దగ్గరికి వచ్చాడు. షట్టరు దిమ్మకే ఒకటి అంటించాం మరి. కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకున్నాడు. నేను మనసులో అయిదు లెక్కపెట్టాను. పది, పదిహేను. ఆయన కదల్లేదు. కింద కొత్తనీళ్ళు మా పోస్టరు రంగులోనే పోతున్నాయి.

"హ్యాండిలు తిరగేసి పట్టుకున్నాడయ్యా," అన్నాడు చివరికి. "పిడి ఇటు రావాలి."

మావాడు నా వైపు చూశాడు. నేను మిగిలిన పోస్టర్ల కట్ట వైపు చూశాను.

"పర్లేదులే," అన్నాడు బాబాయి. "నిద్రలో ఉన్నాడుగా."